వార్డు కార్యాలయం నెత్తిన ఎండ

హైదరాబాద్ సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉండటం వల్ల ఏటా మే 9, ఆగస్టు 3 తేదీల ప్రాంతంలో మధ్యాహ్న సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. వేసవిలో ఈ నగరంలోని కట్టడాలపై పడే ఎండలో పెద్ద వాటాను గోడలకంటే పైకప్పులే భరించడానికి కారణం ఇదే. రామంతాపూర్, హబ్సిగూడ, తార్నాక వంటి ప్రాంతాల్లో స్థానిక పాలన నడిచే వార్డు కార్యాలయాలు, బస్తీ దవాఖానాలు, కమ్యూనిటీ హాళ్లు సాధారణంగా ఒకటి రెండు అంతస్తుల కట్టడాలు కావడంతో, వాటిలో విద్యుత్ పొదుపు గురించిన ఆలోచన శ్లాబు దగ్గరే మొదలు కావాలి.

చట్టం చూపు మాత్రం చాలాకాలం పెద్ద భవనాల మీదే నిలిచింది. 2001 నాటి ఇంధన పొదుపు చట్టం కింద 2007లో జాతీయ స్థాయిలో ఇంధన పొదుపు భవన నియమావళి వచ్చింది. గోడలు, కిటికీలు, దీపాలు, ఏసీలు ఎంత సమర్థంగా ఉండాలో నిర్దేశించే ఆ నియమావళి 100 కిలోవాట్లు, ఆపై విద్యుత్ లోడు ఉన్న వాణిజ్య భవనాలను దృష్టిలో పెట్టుకుని రూపొందింది. 2023 జూన్‌లో హైదరాబాద్ నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీ తన 150 డివిజన్లలో ప్రారంభించిన వార్డు కార్యాలయాల వంటి చోట్ల కొన్ని ఫ్యాన్లు, దీపాలు, కంప్యూటర్లు, ఒకటి రెండు ఏసీలు కలిసినా ఆ హద్దు దరిదాపులకు చేరవు.

ఈ లోటును కొంతవరకు పూడ్చగలిగింది 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రకటించిన కూల్ రూఫ్ విధానం. ఎండను వెనక్కి తిప్పికొట్టి, పీల్చుకున్న కాస్త వేడిని కూడా త్వరగా వదిలేసే పైకప్పును కూల్ రూఫ్ అంటారు. తెల్లని ప్రత్యేక పూత, తెల్ల టైల్స్, చివరకు సున్నం కూడా ఈ పని చేయగలవు. కొత్త ప్రభుత్వ భవనాలకు దీన్ని తప్పనిసరి చేస్తూ, 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల మేర, అందులో 200 హైదరాబాద్ పరిధిలోనే, ఇలాంటి పైకప్పులు రావాలని ఆ విధానం లక్ష్యం పెట్టుకుంది. దీని వెనుక ఈ నగరంలోనే జరిగిన కొలతలున్నాయి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, అమెరికాలోని లారెన్స్ బర్కిలీ ప్రయోగశాల పరిశోధకులు ఇక్కడి రెండు కార్యాలయ భవనాలను పరిశీలించి 2012లో వెలువరించిన ఫలితాల ప్రకారం, నల్లని పైకప్పును తెల్లగా మార్చినప్పుడు చల్లదనానికి వాడే విద్యుత్తు 14 నుంచి 26 శాతం తగ్గింది. పూత లేని మామూలు కాంక్రీటు శ్లాబు మీద కూడా పొదుపు 10 నుంచి 19 శాతం ఉంది.

ఏసీ లేని గదిలో ఈ లాభం కరెంటు బిల్లులో కనిపించదు, కానీ టీకా కోసం పసిబిడ్డతో బస్తీ దవాఖానాకు వచ్చిన తల్లికి తెలుస్తుంది. పొదుపును రూపాయల్లోనే లెక్కించే పద్ధతికి అందని ఈ ప్రయోజనాన్ని అధికారులు ముఖ్యమైనదిగా గుర్తించడం అవసరం. పూత వేసినంత మాత్రాన పని పూర్తి కాదు; దుమ్ము పేరుకుంటే తెలుపు తన గుణాన్ని కోల్పోతుంది కనుక ఏటా వేసవికి ముందు దాన్ని కడిగించే బాధ్యత ఎవరిదో ముందే తేల్చాలి.

వేడి లోపలికి రాకముందే దాన్ని ఆపాలన్న సూత్రం ఈ ప్రాంతానికి కొత్తది కాదు. తార్నాకకు ఆనుకునే ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1939లో ప్రారంభమైన ఆర్ట్స్ కళాశాల భవనానికి దళసరి రాతి నిర్మాణం, ఎత్తయిన కప్పులు ఉన్నాయి. మందపాటి రాయి వేడెక్కడానికి గంటలు పడుతుంది కనుక పగటి సెగ లోపలికి ఆలస్యంగా, మెత్తబడి చేరుతుంది.

లోపలి పరికరాల లెక్క తేలికైనది. పాతరకం సీలింగ్ ఫ్యాన్ సుమారు 75 వాట్లు వాడితే, కొత్తరకం బీఎల్‌డీసీ (బ్రష్‌లు లేని డీసీ) మోటారుతో నడిచేది 30 వాట్లతో తిరుగుతుంది. రోజుకు పది గంటల చొప్పున 300 రోజులు నడిస్తే ఒక్క ఫ్యాన్ మీదే 135 యూనిట్లు మిగులుతాయి. అయినా తక్కువ ధర పలికిన సరుకునే ఎంచుకునే టెండరు, ఆ తర్వాత ఏళ్ల తరబడి కట్టవలసిన బిల్లును లెక్కలోకి తీసుకోదు. వీధి దీపాల విషయంలో ఈ చిక్కును అధిగమించిన దారి ఒకటుంది: 2014 హుద్‌హుద్ తుఫాను తర్వాత విశాఖపట్నంలోనూ, ఆపై హైదరాబాద్‌లోనూ కేంద్ర ప్రభుత్వ రంగ సంస్థ ఈఈఎస్‌ఎల్ ముందుగా తానే పెట్టుబడి పెట్టి ఎల్‌ఈడీలు అమర్చి, ఆదా అయిన ఖర్చు నుంచి ఆ సొమ్మును వాయిదాల్లో రాబట్టుకునే ఒప్పందాలు చేసుకుంది. విడివిడిగా చూస్తే వార్డు కార్యాలయం ఇలాంటి ఒప్పందానికి మరీ చిన్నది, కానీ ఒక నగరపాలక సర్కిల్ పరిధిలోని కార్యాలయాలు, దవాఖానాలు, హాళ్లను ఒకే కట్టగా కలిపి, ఫ్యాన్లు, దీపాలతోపాటు శ్లాబు పూతను, దాన్ని ఏటా కడిగే పనిని కూడా అందులో చేరిస్తే అది గుత్తేదారుకు గిట్టుబాటయ్యే పని కాగలదు.