పెద్దలు పీల్చెడి గాలికి లెక్క

1998–99 శీతకాలమున హాలండు దేశపు ఆమ్‌స్టర్‌డామ్ నగరమందును, ఫిన్లండు రాజధానియైన హెల్సింకీయందును, గుండెజబ్బు గల వృద్ధులు కొందరు పక్షమున కొక పర్యాయము, ఒక పగలును ఒక రాత్రియు, చిన్న యంత్ర మొకదానిని వెంటబెట్టుకొని తమ తమ పనులు చూచుకొనుచుండిరి. సంచిలో బ్యాటరీతో నడచు పంపు. దానినుండి బయలువెడలిన సన్నని గొట్టము చొక్కామీదుగా ప్రాకి, మెడయెముక చెంత, ముక్కు గాలి పీల్చు తావునకు జానెడు దూరమున, ఒక ఫిల్టరు బిళ్ళతో ముగియును. అంగడికి పోయినను, మనుమలతో కూర్చుండినను, వంటయింట నిలిచి చేపలు వేయించినను అది వారిని విడువదు. రాత్రి మాత్రము మంచము ప్రక్క బల్లపై నుండి, తన యజమాని పీల్చెడి గాలినే తానును పీల్చుచుండును. ఆమ్‌స్టర్‌డామున 37 మంది, హెల్సింకీయందు 47 మంది ఈ సహవాసమునకు సమ్మతించిరి.

బిళ్ళపై చిక్కునది కంటికి కనబడు ధూళి కాదు. గాలిని గిరగిర త్రిప్పు చిన్న లోహపు గది యొకటి పెద్ద రేణువులను ప్రక్కకు నెట్టివేసి, రెండున్నర మైక్రోమీటర్లకు లోబడిన వానిని, అనగా తలవెండ్రుక మందములో ఇంచుమించు ముప్పదవ వంతున కెక్కువ గాని వానిని మాత్రమే లోనికి రానిచ్చును. పి.ఎం. 2.5 అని పత్రికలు దినదినము ప్రకటించునది ఇదియే. పంపు నిమిషమునకు నాలుగు లీటర్లు పీల్చినచో దినమునకు 5,760 లీటర్లు, అనగా ఆరు ఘనమీటర్లకు కొంచెము తక్కువ. ఘనమీటరునకు 20 మైక్రోగ్రాముల ధూళి గల గాలిలో నొక దినము గడపిన వృద్ధుని బిళ్ళపై చేరునది 115 మైక్రోగ్రాములు. మిల్లీగ్రాములో పదవవంతు కంటె కొద్దిగా నెక్కువ. (ఆ 20 అనునది మన నగరవాసులకు నవ్వు తెప్పించు సంఖ్య, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దినమునకు 15 చాలునన్నది గాని, మన దేశపు 2009 నాటి ప్రమాణము 60 వరకు అనుమతించుచున్నది.) ఇంత స్వల్పమును తూచుటకు కంసాలి త్రాసు చాలదు. ఒకే ఉష్ణమును ఒకే తేమయు గల గదిలో బిళ్ళను ఆరనిచ్చి, ముందొకసారియు తరువాత నొకసారియు తూచవలెను. వ్రేలి జిడ్డు తగిలినను, స్థిర విద్యుత్తు మిగిలినను లెక్క చెడును. ఒక ముసలమ్మ దినచర్య యంతయు తుదకు బూడిదవన్నె మచ్చ యొకటిగా మిగులుట తలచినప్పుడెల్ల నాకు విస్మయము కలుగుచుండును.

ఇంత శ్రమ యెందులకు? 1993లో హార్వర్డు పండితులు అమెరికాలోని ఆరు పట్టణములలో ఎనిమిది వేలకు మించిన జనుల జీవితములను పదునాలుగు పదునారేండ్లు వెంబడించి, సూక్ష్మధూళి మిక్కుటముగా నున్న పట్టణమున మరణములు, తక్కువగా నున్న పట్టణమున కంటె, నూటికి ఇరువదియారు వంతులు అధికమని ప్రకటించిరి. వెంటనే ఆక్షేపణ బయలుదేరినది. ధూళిని కొలిచినది వీథిలోని కేంద్రము. మరణించుచున్నవారిలో పెక్కుమంది ఇల్లు కదలని వృద్ధులు. ఆ కేంద్రపు సంఖ్యకును ఈ తాతగారి ఊపిరికిని సంబంధమేమి? ఆక్షేపణ న్యాయమైనదే. 1998లో అమెరికా జాతీయ పరిశోధనా మండలి తన పరిశోధనల పట్టికలో మొట్టమొదటి స్థానము ఈ ప్రశ్నకే ఇచ్చినది.

అంతకు మునుపు వేరువేరు మనుష్యులను ఒక్కొక్కసారి కొలిచి, ఆ సంఖ్యలను కేంద్రపు సంఖ్యలతో పోల్చినవారికి రెంటికిని పొంతన కనబడలేదు. కాని అది పోల్చిన తీరులోని దోషము. ఒక యూరి మెరకవీథి బావిలో నీరు పది నిలువుల లోతున నుండవచ్చును, పల్లపువీథి బావిలో మూడు నిలువుల లోతున నుండవచ్చును. ఈ రెండు లోతులను చూచి వానల సంగతి యేమియు చెప్పలేము. ఒకే బావిని వారము వారము చూచినచో, వాన కురిసినప్పుడెల్ల అందులో నీరు పైకి వచ్చుట తెలియును. ఆమ్‌స్టర్‌డామ్, హెల్సింకీ పరిశోధకులు ఒకే మనుష్యుని మరల మరల కొలుచుటచే, ఆ మనుష్యుని బిళ్ళయు వీథిలోని కేంద్రమును కలసి యెక్కుచు కలసి దిగుచుండుట తేటపడినది. ఈ పొంతనను కొలుచు సహసంబంధ గుణకపు (పూర్తి పొంతన యున్నచో అది 1) మధ్యగతము ఆమ్‌స్టర్‌డామున 0.79, హెల్సింకీయందు 0.76. చలికి తలుపులు బిగించుకొని కూర్చుండు దేశమున సైతము వెలుపలి గాలి లోనికి వచ్చి తీరుచున్నదన్న మాట. బిళ్ళ నలుపును, అనగా మసిని, కొలిచినచో పొంతన ఇంకను గట్టిది; ఏలయన మసి అట్టి యిండ్లలో అంతగా పుట్టదు, చాలవరకు మోటారు బండ్ల నుండి వచ్చును.

వీథికేంద్రమును తృణీకరించుటకు నేనును ఉత్సాహపడిన వాడనే. అది హెచ్చుతగ్గులను సత్యముగా చెప్పును, ఎవరు ఎంత పీల్చిరో మాత్రము చెప్పజాలదని ఇప్పుడు ఒప్పుకొనుచున్నాను.

ఆ "ఎంత" అనునది మనుష్యుని నడవడిని బట్టి మారుచుండును. 1990లో కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్ పట్టణమున 178 మందికి ఇట్టి సాధనములనే తగిలించి, కొంచెము పెద్ద రేణువులను గూడ చేర్చి చూడగా, పగటివేళ ఇంటిలోను వెలుపలను 95 మైక్రోగ్రాములున్నప్పుడు మనుష్యుని చెంత 150 తేలినది. నడచునప్పుడు రేగు దుమ్ము, వస్త్రముల నూగు, ఊడ్పు, వంట ఇవన్నియు కలసి ప్రతివాని చుట్టును ఒక సొంత మేఘమును కల్పించును. కదలిక తగ్గిన వృద్ధుల మేఘము పలుచన. 1998లో బాల్టిమోర్ చెంతనున్న వృద్ధుల వసతి గృహమున కొలిచినప్పుడు వారి చెంతనున్న ధూళి వెలుపలి ధూళికంటె తక్కువగానే యుండెను. మన యిండ్లలోని అవ్వ సంగతి అట్టిది కాదు: తిరగమోత పొగ, దేవుని గదిలో అగరువత్తి, రాత్రి మంచము క్రింద దోమల కాయిల్. ఇంటి పొగయెంత, వీథి పొగయెంత యని విడదీయుటకు బిళ్ళలోని గంధకమును వెదకుదురు. అది చాలవరకు వెలుపలినుండి వచ్చునదగుటచే, దానిని బట్టి వీథి పాలు లెక్కకట్టవచ్చును.

కొలత యొక్క ప్రయోజనము లండనులో స్పష్టముగా కనబడినది. అరువదేండ్లు దాటిన 119 మందిని రెండేసి గంటలు, ఒకసారి హైడ్ పార్కులోను, మరియొకసారి అప్పట్లో డీజిలు బస్సులును టాక్సీలును నడచుచుండిన ఆక్స్‌ఫర్డు వీథిలోను నడిపించిరి. పార్కులో నడచిన పిదప ఊపిరితిత్తుల శక్తి పెరిగి, ఆ మేలు గంటల తరబడి నిలిచెను. వీథిలో నడచినప్పుడు ఆ మేలులో నధికభాగము హరించిపోయెను. ఊపిరితిత్తుల వ్యాధి గలవారికి దగ్గును ఆయాసమును వచ్చెను.

హైదరాబాదు శివారు గ్రామములలో జరిగిన పరిశోధన యొకటి, కేవలము వృద్ధుల కొరకు కాకపోయినను, జనులకు ధూళిసాధనముతో బాటు మెడలో చిన్న కెమెరాను గూడ వ్రేలాడదీసి, ధూళి పెరిగిన క్షణమున ఆ మనిషి పొయ్యి యెదుట నుండెనో, రోడ్డుపై నుండెనో చూడగలిగెను. నాకు దీనియందు మిక్కిలి గౌరవము. ఒక లోపము మాత్రము ఇట్టి పరిశీలనల నన్నిటిని వెన్నాడును: సంచి మోయుటకు ఒప్పుకొనువారు ఓపిక గలవారు, ఊపిరి అందక మూలగదిలో పడియున్నవారి ద్వారమును సాధారణముగా ఎవరును తట్టరు. వారు మోయవలసిన పని సయితము లేదు. పంపును తలగడ ప్రక్కన పెట్టిన చాలును.