నోము పట్టేది ఆమె ఒక్కతేనా?



2024 ఏప్రిల్ 19వ తేదీ మీలో చాలామందికి గుర్తుండే వుంటుంది. మొయినాబాద్ మండలంలోని చిలుకూరు బాలాజీ గుడిలో సంతానం లేనివారికి గరుడ ప్రసాదం పంచుతారని విని, తెల్లవారుతూనే వేలమంది బయలుదేరారు. నగరం నుంచి అటు వెళ్ళే దారి కిలోమీటర్ల కొద్దీ బళ్ళతో నిండిపోయింది.

మెహదీపట్నం రైతు బజారులో నాకు కూరలమ్మే చేవెళ్ళ ఆవిడ కూడా ఆరోజు కోడల్ని వెంటబెట్టుకుని వెళ్ళింది. జనంలో నిలబడలేక తిరిగొచ్చారట. తర్వాత ఒకనాడు నా సంచిలో తోటకూర కట్టలు వేస్తూ, “ఏడేండ్లాయెనమ్మా, కోడలి కడుపు పండలే. కొడుక్కు ఇంకో పెండ్లి జెయ్యమంటున్రు చుట్టాలు” అని కళ్ళు తుడుచుకుంది. కోడలికి పరీక్షలన్నీ అయ్యాయి. లోపమేమీ లేదన్నారు.

“మరి కొడుక్కి చేయించావా?” అన్నాను.

“వానికేమైందమ్మా? మొగోడు గదా!” అంది.

ఆ మొగవాడు ఏళ్ళ తరబడి రోజూ రాత్రి సీసా ఖాళీ చేయందే అన్నం ముట్టడని తర్వాత మాటల్లో తెలిసింది.

దేవుణ్ణి నమ్ముకోవటంలో తప్పేమీ లేదు. చిలుకూరులో పదకొండు ప్రదక్షిణలు చేసినదాన్నే నేనూ. కాని నోములూ, సూదులూ, సూటిపోటి మాటలూ అన్నీ ఆమెకేనా? పిల్లలు కలగని దంపతుల్లో ఇంచుమించు సగం మంది విషయంలో లోపం భర్తలోనో, ఇద్దరిలోనో వుంటుందని డాక్టర్లు చెబుతారు. ఆ లోపానికి మితిమీరిన తాగుడు ఒక కారణం.

తాగుడుకూ సంతానానికీ సంబంధమేమిటంటారా? మన మెదడు అడుగున పిట్యూటరీ అనే చిన్న గ్రంథి వుంది. అది ఆజ్ఞ పంపితేనే మగవారి వృషణాలలో టెస్టోస్టిరాన్ అనే హార్మోనూ, వీర్యకణాలూ తయారవుతాయి. విపరీతంగా తాగేవారిలో ఈ ఆజ్ఞ బలహీనపడుతుంది, వృషణాలూ దెబ్బతింటాయి. లివరు చెడితే ఆడవారి హార్మోను పాలు ఎక్కువవుతుంది. కొందరు తాగుబోతులకు రొమ్ములు పెరగటం ఇందువల్లనే. వీర్యకణాల సంఖ్య తగ్గుతుంది, ఆకారం చెడుతుంది, కదలిక మందగిస్తుంది. కొందరికి అసలు దాంపత్యానికే శక్తి తగ్గుతుంది. అది బయటికి చెప్పుకోలేక ఆ చిరాకంతా భార్య మీద చూపిస్తారు.

“తాగేవాళ్ళకు పిల్లలు పుట్టటం లేదా?” అని అడుగుతారు. పుడుతున్నారు, నిజమే. తాగుడు అందర్నీ ఒకేలా దెబ్బతియ్యదు. అది ప్రతివాణ్ణీ గొడ్డువాణ్ణి చేస్తుందని కాదు, నెలనెలా వుండే అవకాశాన్ని తగ్గిస్తుందని అర్థం. ఎవరికి ఎంత తగ్గిందో పరీక్ష చేయిస్తేనే తెలుస్తుంది.

ఆ పరీక్ష కూడా ఏమంత కష్టమైంది కాదు. కోత లేదు, సూది లేదు. రెండు నుంచి ఏడు రోజులు భార్యకు దూరంగా వుండి, లాబొరేటరీలో వీర్యం ఇస్తే చాలు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన లెక్క ప్రకారం మిల్లీలీటరుకు కనీసం 1 కోటీ 60 లక్షల కణాలు వుండాలి. ఒకసారి తక్కువ వచ్చిందని బెంగపడకుండా, కొంత వ్యవధి ఇచ్చి మళ్ళీ చేయించాలి.

ఇక మంచి మాట. మానితే చాలామందిలో ఈ లోపం కొంతైనా సర్దుకుంటుంది. అయితే ఒక వీర్యకణం తయారవటానికే 70 రోజులు పైన పడుతుంది. ఇవాళ టమాట నారు పోసి రేపు కాయ కోయలేం కదా! కనీసం మూడు నెలలు ఓపిక పట్టాలి.

ఒక్క హెచ్చరిక. రోజూ బాగా తాగేవాణ్ణి ఒక్కసారిగా మానిపించకండి. వణుకు, ఫిట్స్, మతిభ్రమ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. కల్తీ కల్లులో అల్ప్రాజోలం వంటి మత్తుమందులు కలుపుతారు కనుక, ఆ కల్లు అలవాటైనవారికీ ఇదే ప్రమాదం. డాక్టరు సలహా మీదనే మానిపించాలి. హైదరాబాదులో ఎర్రగడ్డ ఆస్పత్రిలో దీనికి చికిత్స వుంది. ఎవరో ఇచ్చిన పొడి అతనికి తెలియకుండా కూరలో కలపటం మాత్రం ఎన్నడూ చెయ్యకండి. అందులో వుండే మందు, పైన తాగిన సారా కలిస్తే గుండెకు ముప్పు.

చేవెళ్ళ ఆవిడ కొడుకు వెంటనే ఒప్పుకోలేదు. “నేను మొగోణ్ణి గానా?” అని తల్లి మీద లేచాడట. చివరకు కోడలు, “నాకు పది పరీక్షలు జేయించిన్రు, నువ్వు ఒక్కటి జేయించుకో” అంటే వెళ్ళాడు. కణాలు బాగా తక్కువన్నారు. డాక్టరు చెప్పినట్టు తాగుడు మానాడు. నాలుగు నెలలకు రెండో పరీక్షలో లెక్క పెరిగింది.

ఆ కోడలి కడుపు ఇంకా పండలేదు. కాని రెండో పెళ్ళి మాట ఆ ఇంట్లో ఆగిపోయింది. మొన్న అత్తగారే కొంగు ముడి విప్పి మడత కాగితం చూపించింది. “ఇంకో పెండ్లి అన్నోళ్ళకు ఇది జూపిస్తున్ననమ్మా” అంది.

అమ్మా, మీ ఇంట్లోనూ, మీ చుట్టాలలోనూ ఏ ఆడపిల్లనైనా ‘గొడ్రాలు’ అనబోయే ముందు, ఆ కాగితం ఏదీ అని ఒక్కసారి అడగండి. సెలవు.