తనిఖీకి సున్నం, కెమెరాకు వేదిక

పెద్ద అధికారి వస్తున్నారన్న కబురు అందగానే సైనిక స్థావరంలో ముందుగా బయటికి వచ్చేది సున్నం బకెట్టు. దారి పక్క రాళ్లకు, చెట్ల మొదళ్లకు తెలుపు, ఎరుపు పట్టీలు పడతాయి. భారత సైన్యంలో దీన్ని గేరూ-చూనా అంటారు. గేరూ అంటే మన ఇళ్లకు పూసే జాజులాంటి ఎర్రమట్టి. బూట్లు తళతళలాడతాయి. చెడిపోయిన బండి షెడ్డు వెనక్కి చేరుతుంది. అతిథి ఎక్కడ ఆగాలి, ఎవరిని పలకరించాలి అన్నది రిహార్సల్‌లోనే తేలిపోతుంది.

ఈ అలవాటు ఊరికే పుట్టలేదు. బారక్ శుభ్రంగా ఉంటే రోగాలు తగ్గుతాయి, తుప్పు వదిలించిన తుపాకీ అవసరానికి పేలుతుంది. అది చూడటానికే తనిఖీ. అయితే తనిఖీ బాగా జరిగితే దళాధిపతికి మంచి పేరు. అందుకే పని కన్నా మెరుగు ముందుకొస్తుంది.

చూసేవాడు అధికారి కాక ప్రపంచమంతా అయితే ఎలా ఉంటుందో 2003లో ఖతార్‌లో కనిపించింది. దోహా శివార్లలోని అస్ సైలియా, అప్పట్లో అమెరికా సైన్యం యుద్ధ సామగ్రి నిల్వ చేసుకునే గోదాముల స్థావరం. ఇరాక్ యుద్ధాన్ని నడిపిన సెంట్రల్ కమాండ్ అసలు కార్యాలయం ఫ్లోరిడాలోని టాంపాలో ఉన్నా, యుద్ధకాలపు కేంద్రం ఇక్కడే వెలిసింది. విలేకరుల కోసం ఒక గోదాములో ప్రత్యేక వేదిక కట్టారు. టీవీ, సినిమా సెట్లు వేసే కళాకారుడు జార్జ్ ఆలిసన్ దాన్ని రూపొందించాడు. వెనక ప్రపంచపటం, చుట్టూ పెద్ద ప్లాస్మా తెరలు. ఖర్చు సుమారు 2,50,000 డాలర్లు. సెట్టును అమెరికాలో తయారుచేసి విమానంలో తెప్పించారు.

మార్చి 20న యుద్ధం మొదలైంది. సేనాధిపతి జనరల్ టామీ ఫ్రాంక్స్ 22న ఆ వేదికెక్కారు. తర్వాత రోజువారీ వివరాలు ఎక్కువగా బ్రిగేడియర్ జనరల్ విన్సెంట్ బ్రూక్స్ చెప్పేవారు. తెరల మీద బాంబు గురి తప్పకుండా తగిలిన వీడియోలు వచ్చేవి, విలేకరులకు కావలసిన వివరాలు మాత్రం అంతగా వచ్చేవి కావు. ఒకరోజు అమెరికన్ పత్రికా రచయిత మైఖేల్ వుల్ఫ్, ఇంత ఖరీదైన కేంద్రంలో కూర్చుని మేం తెలుసుకుంటున్నదేమిటి అన్న అర్థంలో అడిగేసరికి తోటి విలేకరులు చప్పట్లు కొట్టారు. పైన పటారం, లోన లొటారం అన్న అనుమానాన్ని అతను అందరి ముందు బయటపెట్టాడు.

అదే ఏడాది మే 1న అధ్యక్షుడు జార్జ్ బుష్ అబ్రహాం లింకన్ యుద్ధనౌక మీద ప్రసంగించారు. వెనక కార్యం పూర్తయిందని చాటే బ్యానర్ వేలాడింది. దాన్ని తమ కార్యాలయమే చేయించిందని శ్వేతసౌధం తర్వాత ఒప్పుకుంది. జూన్ 5న బుష్ అస్ సైలియాకే వచ్చి సైనికులతో మాట్లాడారు. ఇరాక్‌లో పోరు మాత్రం ఆ తర్వాత ఏళ్ల తరబడి సాగింది.

ముస్తాబు వల్ల అసలు నష్టం చూడటానికి వచ్చినవారికే. బండి ఎందుకు చెడిందో, దాని విడిభాగాలు ఎందుకు రాలేదో షెడ్డు వెనక్కి వెళ్తేనే తెలుస్తుంది. అందుకే చెప్పకుండా చేసే తనిఖీలు కూడా సైన్యాల్లో ఉంటాయి. ముందే కబురు వెళ్లిన రోజున అతిథికి కనిపించేది ఆ దళం ఎంత బాగా ముస్తాబు కాగలదన్నదే.