పార్సీల యింట వెలుగుచున్న నిప్పు

మాది పెదపారుపూడి. సందెవేళ మా యూరి యిండ్లలో స్త్రీలు దీపము వెలిగించి, నమస్కరించి, పిదప గాని వేఱు పని ముట్టుకొనరు. దీపమును నోటితో నూది యార్పరాదని పెద్దలు చిన్ననాడే బోధింతురు. పెండ్లిలో అగ్ని సాక్షి. హోమములో అగ్ని దేవతలకు నోరు. పుట్టినది మొదలు నిప్పును గౌరవించుచు బ్రదుకు మనము, “పార్సీలు నిప్పును కొలుతురట!” యని వినినప్పుడు వింతపడుటయే యొక వింత.

మన గుడివాడ, బందరు ప్రాంతములనుండి సికిందరాబాదునకు పోయి స్థిరపడిన కుటుంబములు పెక్కులు కలవు. అచ్చట పార్సీగుట్ట యను పేట కలదు. ఆ దారిని నిత్యము తిరుగు మన సోదరీమణులలో, ఆ పేరునకు మూలమైన వారెవరు, వారి మతమెట్టిది, ఆ మతమున స్త్రీల స్థితి యేమి యని విచారించినవారు కొలదిమందియే యుందురు. మూడువేల యేండ్లనాటి మత మొకటి మన పొరుగుననే జీవించియున్నది. దానిని గూర్చి కొంత తెలిసికొనుట మనకు మేలు.

ముందుగా నొక పొరపాటు తీర్పవలెను. 17వ శతాబ్దమున గోలకొండ సుల్తానుల యేలుబడిలో బందరు రేవునకు పారశీక వర్తకులు విరివిగా వచ్చుచుండిరి. మన పెడన, బందరు అద్దకపు బట్టలకు ‘కలంకారీ’ యను పేరు వారి భాషనుండి వచ్చినదే. కాని ఆ కాలమునాటికి పారశీకదేశము ఇస్లామును స్వీకరించియుండెను. పార్సీలు ఆ దేశమువారి సంతతియే యైనను, అచ్చట అంతకు మున్ను వర్ధిల్లిన ప్రాచీనమతమును విడువనివారు. ఆ మతమునకు ప్రవక్త జరతుష్ట్రుడు.

ఆయన యే కాలమువాడో పండితులలో ఏకాభిప్రాయము లేదు. ఆయన గీతములగు గాథల భాషను బట్టి క్రీస్తునకు పూర్వము 1500, 1000 సంవత్సరముల నడిమికాలమని పెక్కురు తలచుచున్నారు. ఆ గాథలు 17. వాని భాష ఋగ్వేదభాషకు చెల్లెలివలె నుండును. మన యజ్ఞము వారికి యస్నము; మన సోమము వారికి హఓమము; మన సప్తసింధువు వారికి హప్తహిందువు. ఒక్కచోట మాత్రము మాట తలక్రిందైనది. మనకు దేవుడు పూజ్యుడు, అసురుడు దుష్టుడు. వారికి ‘అహురుడు’ పూజ్యుడు, ‘దఏవుడు’ దుష్టుడు. ఒక పుట్టింట పెరిగిన యక్కచెల్లెండ్రు వేఱువేఱు అత్తవారిండ్లకు పోయి, ఒకే మాటను వేఱువేఱు విధముల వాడుకొన్నట్లున్నది.

వారి పరమేశ్వరుడు అహుర మజ్దా, అనగా జ్ఞానస్వరూపుడగు ప్రభువు. ఆయనకు విరోధి అంగ్ర మైన్యువను దుష్టశక్తి. మంచిచెడ్డల నడుమ దేనిని కోరుకొనుటకైనను మనుష్యునకు స్వాతంత్ర్యము కలదు. కోరుకొన్నదాని ఫలమును అతడే యనుభవింపవలెను. హుమత, హూఖ్త, హ్వర్ష్త యను మూడు మాటలలో ఆ మతసారమంతయు నిమిడియున్నది. మంచి తలంపు, మంచి మాట, మంచి పని యని వాని యర్థము. మనము త్రికరణశుద్ధి యనునది అదియే గదా! నిప్పు వారికి దేవుడు కాదు. దేవుని వెలుగునకును సత్యమునకును గుర్తు.

ఈ మతప్రభావము దూరదేశములకును ప్రాకినది. క్రీస్తునకు పూర్వము 539లో పారశీక చక్రవర్తి సైరసు బాబిలోను నగరమును గెలిచి, అచ్చట చెఱలోనున్న యూదులను స్వదేశమునకు పోనిచ్చెను. పిమ్మట యూదులు రెండువందల యేండ్లు పారశీకుల యేలికలో నుండిరి. సైతాను, మృతుల పునరుత్థానము, కడపటి తీర్పు మొదలగు భావములు యూదమతమున బలపడుటకును, తరువాత క్రైస్తవ, ఇస్లాము మతములలో చేరుటకును ఈ సంపర్కము కొంత కారణమని పెక్కుమంది పండితుల మతము. ఇంగ్లీషువారు స్వర్గమును ‘పారడైజు’ అందురు; ఆ మాటకు మూలము గోడకట్టిన తోట యను నర్థముగల ప్రాచీన ఇరానీ పదము.

క్రీ. శ. 651లో సాసానీ రాజ్యము అరబ్బులచే నంతరించెను. స్వధర్మమును కాపాడుకొనదలచినవారు కొందఱు ఓడలెక్కి గుజరాతు తీరమున సంజానునందు దిగిరి. ఈ కథను 1600 ప్రాంతమున వ్రాయబడిన ‘కిస్సా-ఇ-సంజాన్’ అను పారశీక కావ్యము చెప్పుచున్నది. అందలి కథ ప్రకారము, ఆశ్రయమిచ్చిన రాజు జాదీరాణా కొన్ని నియమములు పెట్టెను. ఆయుధములు విడువవలెను, ఈ దేశభాష మాటలాడవలెను, స్త్రీలు ఈ దేశపు కట్టు కట్టవలెను. నాటినుండి పార్సీ స్త్రీకి చీరయే వేషమైనది.

తెలుగుదేశమునకు వీరు వచ్చుట నిజాము రాజ్యమున వర్తకము మూలమున జరిగినది. 19వ శతాబ్దపు పూర్వభాగమున పెస్తన్‌జీ మెహర్‌జీ, వికాజీ మెహర్‌జీ యను సోదరులు హైదరాబాదున గొప్ప షావుకార్లుగా నుండి, సర్కారునకే అప్పులిచ్చిరి. ఔరంగాబాదు టంకసాలలో ముద్రింపబడిన నాణెములకు పెస్తన్‌షాహీ యని వారి పేరే వచ్చెను. 1840ల నాటికి సర్కారుతో బాకీల తగవు వచ్చి వారి కొట్టు కూలిపోయెను. అయినను వారి పేర సికిందరాబాదున 1847లో వెలసిన అగ్నిమందిరము నిలిచియున్నది. 1904లో హైదరాబాదు తిలక్ రోడ్డునందు మానెక్‌బాయి నస్సర్వాన్‌జీ చెనాయ్ అను స్త్రీ పేర నొకటియు, 1920లో సికిందరాబాదున మఱియొకటియు వెలసినవి. ఈ మందిరములను వారు అగ్యారీలందురు. పార్సీలు కానివారికి లోనికి ప్రవేశము లేదు. మనము వాకిటనుండి చూచి రావలసినదే.

మందిరము సంగతి యట్లుండగా, ఆ మతమును నిత్యము నిలుపునది ఇల్లు. ఇంట నిప్పుల పాత్రలో గంధపుచెక్కయు సాంబ్రాణియు వేసి గదిగదికిని ధూపము చూపుదురు. పండుగనాడు వాకిట ముగ్గు, గుమ్మమునకు పూలతోరణము. మన యింటికిని వారి యింటికిని భేద మెంత?

బాలురకు వలెనే బాలికలకును వారిలో మతదీక్ష యున్నది. దానిని నవజోత్ అందురు. ఏడేండ్లు మొదలు యౌవనమునకు ముందుగా ఆడపిల్లకును మగపిల్లవానికిని ‘సుద్రె’ యను తెల్లని లోచొక్కాయు, ‘కుస్తీ’ యను ఉన్నిత్రాడును ధరింపజేయుదురు. కుస్తీలో 72 పోగులుండును. యస్నగ్రంథమున అధ్యాయములును 72. దానిని నడుమునకు ముమ్మాఱు చుట్టి ప్రార్థింతురు. ఆ త్రాటిని నేయుట చిరకాలముగా పురోహితకుటుంబముల స్త్రీల పని. మన యాడుపిల్లలకు జందెము లేని కాలమంతయు వారి యాడుపిల్లలు తమ మతసూత్రమును ధరించుచునే యుండిరి.

ఇట్టి మతము నేడు చిక్కులో నున్నది. 1941 జనాభా లెక్కలలో అవిభక్త భారతదేశమున పార్సీలు లక్షకు పైబడియుండిరి. 2001లో మనదేశమున 69,601 మంది. 2011లో 57,264 మంది. ఆలస్యముగా పెండ్లాడుట, అసలు పెండ్లాడకుండుట, పిల్లలు తక్కువగుట, విదేశములకు పోవుట దీనికి కారణములు. 2013లో ప్రభుత్వము ‘జియో పార్సీ’ యను పథకమును పెట్టి సంతానము కోరు దంపతులకు చికిత్సావ్యయమున తోడ్పడుచున్నది. అంత్యక్రియలకును ఇబ్బంది వచ్చినది. నేల, నీరు, నిప్పు మైలపడరాదని వారు శవమును శాంతిగోపురమున పక్షులకు వదలుదురు. పశువులకిచ్చు డైక్లోఫెనాక్ మందు విషమై రాబందులు నశించినవి. 2006లో ప్రభుత్వము ఆ మందును పశువైద్యమున నిషేధించినను, పోయిన పక్షులు తిరిగి రాలేదు.

అన్నిటికంటె కఠినమైన ప్రశ్న స్త్రీలది. పార్సీ పురుషుడు అన్యమతస్త్రీని పెండ్లాడిన, వారి పిల్లలను సమాజము చేర్చుకొనును. పార్సీ స్త్రీ అన్యుని పెండ్లాడిన, ఆమె పిల్లలకు పెక్కుచోట్ల అగ్యారీలో చోటు లేదు. కొన్నిచోట్ల ఆమెకే లేదు. రతన్‌జీ దాదాభాయి టాటా యొక్క ఫ్రెంచి భార్యను గూర్చి వచ్చిన వ్యాజ్యమున, 1908లో బొంబాయి హైకోర్టు చెప్పిన తీర్పు ఈ యాచారమునకు ఆధారముగా చూపబడుచున్నది. గుజరాతులో గూల్‌రుఖ్ గుప్త యను నామె, తల్లిదండ్రుల యంత్యప్రార్థనలకు తాను పోవచ్చునా యని న్యాయస్థానము నడిగెను. 2012లో గుజరాతు హైకోర్టు ఆమెకు ప్రతికూలముగా చెప్పెను. 2017 డిసెంబరులో సుప్రీముకోర్టు యెదుట వల్సాడు అంజుమన్ వారు ఆమెను రానిచ్చుటకు సమ్మతించిరి. అసలు ప్రశ్న 2019లో శబరిమల విషయముతో కూడ విస్తృత ధర్మాసనమునకు పంపబడెను.

పెద్దల భయమును మనము తేలికగా చూడరాదు. కొలదిమంది జనము పెద్దజనసముద్రమున పడి, తమ పేరు నిలుపుకొనుటకు కట్టుకొన్న గట్టు అది. కృష్ణకు వరద వచ్చినప్పుడు గట్టు విలువ మన డెల్టావారికి వేఱుగా చెప్పనక్కఱలేదు. కాని కన్నతండ్రిని సాగనంపుటకు కూతురు గడపవెలుపల నిలువవలసివచ్చినచో, ఆ గట్టు ఎవరిని కాపాడుచున్నట్లు?

వారి మతములోనే దీనికొక సమాధానము తోచుచున్నది. గుజరాతు తీరమున ఉద్వాడలో 1742 నుండి వెలుగుచున్న ఇరాన్‌షా వారికి పరమపవిత్రమైన యగ్ని. ఆ శ్రేణికి చెందిన యగ్నులు ఆతష్ బెహరామ్‌లు. అవి మనదేశమున ఎనిమిది. అట్టి యగ్నిని ప్రతిష్ఠించునప్పుడు 16 విధములైన నిప్పులను తెత్తురు. కుమ్మరి ఆమునుండి, కంసాలి కొలిమినుండి, పిడుగు పడిన చోటినుండి, తుదకు చితినుండియు తెచ్చి, శుద్ధిచేసి, ఒక్కటిగా కలుపుదురు. అంతటి శుద్ధి యొక్క నిప్పునుండి పుట్టలేదు. పదునాఱు చోట్ల నిప్పును చేర్చుకొనుటవలన పుట్టినది.

అగ్గిపెట్టెలు కఱవైన కాలమున మా యూళ్లలో పొయ్యిలోని నిప్పును నివురు కప్పి తెల్లవాఱుదాక కాపాడినది స్త్రీయే. పొరుగింటి పొయ్యి చల్లారినచో పిడకమీద నిప్పు పెట్టి యిచ్చినదియు నామెయే. ఇచ్చినందున ఆమె పొయ్యి ఎన్నడును ఆఱలేదు.