కంచెలో పెరిగి తోటను పీల్చే పురుగు

నల్గొండలో బత్తాయి అని, అనంతపురం, కడపల్లో చీనీ అని పిలిచే పండుకు వానాకాలంలో, ముఖ్యంగా ఆగస్టు నుంచి అక్టోబరు దాకా, రసం పీల్చే రెక్కల పురుగు బెడద ఎక్కువ. దీని తీరు తక్కిన పురుగులకు తలకిందులు. మామూలుగా పంటను తినేది లద్దెపురుగు. ఇక్కడ లద్దెపురుగు పండ్ల చెట్టు జోలికే రాదు, నష్టమంతా రెక్కలొచ్చాకే.

వీటిలో ముఖ్యమైనవి యూడోసిమా మాటర్నా, యూడోసిమా ఫలోనియా అనే జాతులు. తల్లి పురుగు తిప్పతీగ, దూసరితీగ ఆకుల మీద గుడ్లు పెడుతుంది. కషాయానికి పనికొస్తుందని కంచెకు పాకించిన తిప్పతీగే దీనికి పురిటిల్లు. పసిఫిక్ దీవుల్లో మాత్రం ఫలోనియా బాడిస జాతి చెట్ల మీద కూడా పెరుగుతుంది.

మూడు నాలుగు రోజుల్లో గుడ్లు పగులుతాయి. పిల్ల పురుగు రెండు మూడు వారాలు ఆకులు తిని, ఐదారు సెంటీమీటర్ల పొడవుకు ఎదుగుతుంది. ఒళ్లు ముదురు రంగులో ఉంటుంది, రెండు పక్కలా కళ్లను తలపించే గుండ్రటి మచ్చలుంటాయి. కదిపితే తల కిందికి ముడుచుకుని ఆ దొంగ కళ్లను ముందుకు తెస్తుంది. తర్వాత ఆకులను పట్టుదారంతో దగ్గరకు లాక్కుని లోపల ప్యూపాగా మారుతుంది. సుమారు రెండు వారాలకు రెక్కల పురుగు బయటికొస్తుంది.

రెక్కలు విప్పితే ఎనిమిది నుంచి పది సెంటీమీటర్ల వెడల్పు. ముందు రెక్కలు అచ్చం ఎండుటాకే, అందుకే పగలు కంటపడదు. వెనుక రెక్కలు నారింజ పసుపు, వాటి మీద నల్లటి మచ్చలు. పూలలో తేనె తాగే సీతాకోకచిలుక తొండం మెత్తన; దీని తొండం గట్టిది, కొనన ముళ్లున్నది, బత్తాయి తొక్కను కూడా దూసుకుపోతుంది. చీకటి పడగానే తోటలోకి వచ్చి, పండబోతున్న కాయకు గుండుసూది మొన అంత రంధ్రం చేసి రసం పీలుస్తుంది.

ఆ రంధ్రం గుండా బూజు, బాక్టీరియా చేరతాయి. చుట్టూ తొక్క మెత్తబడి రంగు మారుతుంది, నొక్కితే పులిసిన రసం చిమ్ముతుంది, కొద్ది రోజుల్లో కాయ రాలిపోతుంది. పండు ఈగ చేసిన నష్టమైతే లోపల పురుగులు కనిపిస్తాయి. దీని వల్ల చెడిన కాయలో పురుగు ఉండదు. ఆముదాన్ని తినే దాసరి పురుగు కూడా రెక్కలొచ్చాక రసం కోసం తోటకు చేరుతుంది.

చెట్ల మీద మందు కొట్టినా పెద్దగా ఫలితం ఉండదు. పురుగు పుట్టేది తోట బయట, వచ్చేది రాత్రి, తాగేది తొక్క కింది రసం. పైగా కోతకు ముందు మందు కొడితే దాని అవశేషాలు పండు మీద మిగులుతాయి. తోట చుట్టూ ఉన్న తిప్పతీగ, దూసరితీగ తీసేయడం, రాలిన కాయలను ఏరి పాతిపెట్టడం ముందు చేయాల్సిన పనులు. రాలిన కాయల పులిసిన వాసనే కొత్త పురుగులను పిలుస్తుంది. సాయంత్రం పూట తోటలో పొగ పెట్టడం రైతులకు తెలిసిన పాత పద్ధతే. బెల్లం నీళ్లలో పండ్ల రసం, మలాథియాన్ కలిపి వెడల్పాటి పాత్రల్లో పెట్టే విషపు ఎర కొన్నిటిని చంపుతుంది. కాయలకు సంచులు తొడగడం అన్నిటికన్నా నమ్మకమైనది; దానిమ్మకు కొందరు తొడుగుతున్నారు గానీ, వందల కాయలు కాసే బత్తాయి చెట్టుకు ఆ కూలి ఖర్చు గిట్టడం కష్టం.