చలివేంద్రంలో కుండ నీళ్లే ఎందుకు?

ఎండాకాలం వచ్చిందంటే మన ఊళ్లలో బస్టాండ్ల దగ్గర, కూడళ్లలో పందిళ్లు వెలుస్తాయి. అవే చలివేంద్రాలు. అక్కడ దాహంతో ఎవరొచ్చినా నీళ్లు పోస్తారు. పేరు అడగరు, డబ్బు తీసుకోరు.

ఎందుకు పెడతారు?
ఎండలో తిరిగేవారి ఒంట్లోని నీరు, ఉప్పు చెమటగా పోతాయి. తగినంత నీరు తాగకపోతే కళ్లు తిరుగుతాయి, వడదెబ్బ తగలొచ్చు. అందుకే కొన్నిచోట్ల ఉప్పు వేసిన మజ్జిగ కూడా ఇస్తారు.

కరెంటు లేకుండా నీళ్లు ఎలా చల్లబడతాయి?
మట్టికుండకు కంటికి కనిపించని సన్నటి రంధ్రాలుంటాయి. వాటిలోంచి నీరు బయటికి ఊరి ఆవిరవుతుంది. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల వేడి కావాలి. అందులో చాలా భాగాన్ని కుండ నుంచి, లోపలి నీటి నుంచి లాక్కుంటుంది. దాంతో మిగిలిన నీళ్లు చల్లబడతాయి. గాలి పొడిగా ఉంటే నీరు త్వరగా ఆవిరవుతుంది. అందుకే ఉక్కపోసే విశాఖలో కన్నా పొడి ఎండల అనంతపురంలో కుండ నీళ్లు బాగా చల్లబడతాయి.

మీరేం చేయొచ్చు?
ఇంటి ముందు నీడలో మూతపెట్టిన కుండ, పొడవాటి కాడ ఉన్న గరిటె, గ్లాసు ఉంచండి. రోజూ కడిగి మంచినీళ్లు నింపండి. పార్సిల్ తెచ్చిన అన్నను, చెత్తబండి అక్కను "కాసిని నీళ్లు తాగుతారా?" అని మీరే ముందు అడగండి. దాహంగా ఉన్నా నోరు తెరిచి అడగడానికి మొహమాటపడేవాళ్లు చాలామంది ఉంటారు.