మీట నొక్కితే మాట రాదు

బటన్ల స్మార్ట్ ఫోన్లతో బలిఘట్టం వాసుల తంటాలు - వేలు పెద్దది, మీట చిన్నది - అరువు వేళ్ల చేతికి గుట్టు

నర్సీపట్నం: కళ్లజోడు సవరించుకుని, ఫోను మోచేతి దూరాన పెట్టుకుని, చూపుడు వేలి గోటితో ఒక్కో మీటా నొక్కడం. నొక్కినప్పుడల్లా ఒకసారి తెరకేసీ, ఒకసారి మీటకేసీ చూడడం. ఆరంకెల ఓటీపీలో నాలుగో అంకె దగ్గరికి వచ్చేసరికి 'గడువు ముగిసింది' అని తెర మీద పడడం. బలిఘట్టంలో ఏ అరుగు మీద చూసినా, ఏ టీ దుకాణం ముందు చూసినా కనబడే దృశ్యమిది.

వరాహనది ఒడ్డున ఉన్న ఈ ఊరికి బ్రహ్మలింగేశ్వరస్వామి ఆలయం వల్ల పేరు వచ్చింది. శివరాత్రి జాతరలో తప్పిపోయిన మనిషిని వెతకాలన్నా ఇప్పుడు మైకు కంటే ముందు ఫోనే గుర్తుకు వస్తుంది. ఫోను లేని ఇల్లు అరుదు. అయితే చేతిలో ఉన్న ఫోను చెప్పినమాట వినకపోతే ఏం చేయాలన్నదే ఇప్పుడు సమస్య. ముఖ్యంగా బటన్లున్న స్మార్ట్ ఫోన్లు కొన్నవారు ముందుకు పోలేక, వెనక్కి రాలేక అవస్థ పడుతున్నారు.

ఎందుకు కొన్నారంటే

పొలం పని చేసే చేతికి అద్దం ఫోను అచ్చిరాదు. వేలికి మట్టి ఉన్నా, చెమట ఉన్నా టచ్ ఫోను ఒకటి నొక్కితే ఇంకొకటి పలుకుతుంది. గట్టు మీద జారిపడితే అద్దం పగులుతుంది. బటన్ల ఫోనుకు ఆ బాధ లేదు. మీట ఎక్కడుందో వేలికి తెలుస్తుంది. అయిదో అంకె మీట మీద చిన్న బొడిపె ఉంటుంది గనుక చీకట్లోనైనా తడిమి నంబరు కొట్టవచ్చు. ఒకసారి చార్జింగు పెడితే రెండు మూడు రోజులు ఢోకా లేదు.

ఈ సౌకర్యాన్నీ, ఇంటర్నెట్టునూ కలిపి 2017 జూలైలో జియోఫోనును ప్రకటించారు. రూ.1,500 డిపాజిట్టు కడితే చాలన్నారు. 2018లో ఇంగ్లీషు అక్షరాలన్నింటికీ విడివిడిగా మీటలున్న రెండో రకం రూ.2,999కి వచ్చింది. అదే ఏడాది సెప్టెంబరులో ఈ ఫోన్లలోకి వాట్సాప్ కూడా వచ్చింది. ఇంకేం, పట్నంలో ఉన్న పిల్లల ఫొటోలు చూడొచ్చని, పాటలు వినొచ్చని పల్లెల్లో చాలామంది మోజుపడి కొన్నారు. చూడడం, వినడం వరకూ బాగానే సాగింది. రాయవలసి వచ్చినప్పుడే కష్టాలు మొదలయ్యాయి.

నాలుగక్షరాల ఊరికి పదిహేడు నొక్కులు

పన్నెండు మీటల ఫోనులో ఇంగ్లీషు అక్షరాలతో 'బలిఘట్టం' అని కొట్టి చూడండి. మొత్తం పదకొండు అక్షరాలు. 'బి'కి రెండుసార్లు, 'ఎల్'కు మూడుసార్లు, 'ఐ'కి మూడుసార్లు, ఇలా లెక్కవేస్తే పదిహేడు నొక్కులవుతాయి. అంతటితో అయిపోదు. 'ఐ', 'జి', 'హెచ్' మూడూ ఒకే మీట మీద ఉంటాయి. ఒకటి కొట్టాక కాసేపు ఆగకపోతే రెండోది మొదటిదాన్ని చెరిపి దాని చోట కూర్చుంటుంది. అలా ఆగవలసిన చోట్లు ఈ ఒక్క పేరులోనే నాలుగున్నాయి. ఇంతలో ఫోను తనంతట తానే మాటను ఊహించి ఇంకేదో ఇంగ్లీషు ముక్క రాసి పెడితే మళ్లీ మొదటికి రావలసిందే.

పోనీ తెలుగులోనే రాద్దామా అంటే అదో పెద్ద పరీక్ష. వర్గానికొక మీట కేటాయించిన ఫోన్లలో 'బ' రావాలంటే మూడుసార్లు, 'ఘ' రావాలంటే నాలుగుసార్లు నొక్కాలి. కంటికి నాలుగక్షరాలుగా కనిపించే 'బలిఘట్టం' ఫోను లెక్కలో ఎనిమిది ముక్కలు. బ, ల, గుడి, ఘ, ట, పొల్లు, మళ్లీ ట, చివర సున్నా.

ఇక్కడే పెద్దలు తికమకపడుతున్నారు. 'ట'కు 'ట' వత్తు ఇస్తే 'ట్ట' అని బడిలో మాస్టారు నేర్పారు. ఫోనులో వత్తు అనే మీట కానరాదు. ముందు 'ట' రాసి, పొల్లు పెట్టి, మళ్లీ 'ట' రాస్తే అప్పుడది వత్తుగా మారుతుంది. ఆ పొల్లు ఏ మీట చాటున ఉందో చెప్పేవారు లేరు.

'నర్సీపట్నం' రాయబోతే ఇంకా విచిత్రం. పలక మీద రాసేటప్పుడు 'రీ' రాసి దాని కింద 'స' వత్తు పెడతాం. ఫోనులో అలా కుదరదు. 'ర', పొల్లు, 'స' రాసి, గుడిదీర్ఘం ఆఖరున పెట్టాలి. చేతిరాత వరుసలో కొడితే అక్షరం విరిగిపోయి పక్కన చుక్కల గుండ్రం పడుతుంది. ముత్యాల్లాంటి దస్తూరి ఉన్నవారు కూడా ఆ గుండ్రాన్ని చూసి తమకు చదువు రాదేమోనని చిన్నబుచ్చుకుంటున్నారు. తప్పు వారిది కాదు. బడి నేర్పిన వరుస వేరు, యంత్రం అడిగే వరుస వేరు.

మీటలు ముత్యాలు, వేళ్లు అరటిపళ్లు

అక్షరానికొక మీట ఉన్న రెండో రకం ఫోనుతో ఈ బెడద తీరుతుందని ఆశపడ్డవారికి వేరే చిక్కు వచ్చిపడింది. అరచేతి వెడల్పులో ఇరవయ్యారు అక్షరాలు ఇమిడ్చారు. ఒక్కో మీట కందిబద్దంత. నాగలి, పార పట్టిన వేలు ఒకేసారి రెండు మీటల మీద పడుతుంది. అంకెలకు వేరే చోటు లేదు. అక్షరాల మీటలతోనే సర్దుకోవాలి. అక్షరాల పద్ధతిలో ఉందో అంకెల పద్ధతిలో ఉందో చూసుకోకుండా కొడితే ఓటీపీ స్థానంలో ఇంగ్లీషు అక్షరాలు వచ్చి కూర్చుంటాయి.

కొన్నాళ్లకు మీటల మీద అచ్చు చెరిగిపోతుంది. సందుల్లోకి దుమ్ము చేరుతుంది. కొన్ని మీటలు గట్టిగా నొక్కితే గాని పలకవు, కొన్ని ఒకసారి నొక్కితే రెండుసార్లు పలుకుతాయి. తాళం వేయకుండా మొలలో దోపుకుంటే మీటలు వాటంతటవే నొక్కుకుని ఎవరికో కాల్ వెళ్లిపోతుంది. అవతలివారు 'హలో, హలో' అంటూ ఇవతల ఎద్దుల గంటలు విని పెట్టేయడం మామూలే.

ఓటీపీతో పరుగు పందెం

బ్యాంకు పని అయినా, పీఎం కిసాన్ ఈకేవైసీ అయినా, గ్యాస్ బండ తెచ్చిన కుర్రాడికి అంకెలు చెప్పవలసి వచ్చినా అన్నింటికీ మెసేజే ఆధారం. టచ్ ఫోనులో మెసేజు పైన తొంగిచూస్తుంది. బటన్ల ఫోనులో రాస్తున్న ఫారం మూసి, మెసేజుల్లోకి వెళ్లి చదువుకుని తిరిగి రావాలి. వచ్చేసరికి ఫారం ఖాళీ అయిపోయి ఉంటుంది. అందుకే చాలామంది అంకెలను అరచేతిలో పెన్నుతో రాసుకుంటున్నారు. మూడు నిమిషాల గడువులో కళ్లజోడు వెతకడానికే ఒక నిమిషం పోతుంది.

అక్షరం మనది, మీట మనది కాదు

ఈ మీటల వరుస నిన్న మొన్నటిది కాదు. 1874లో అమెరికాలో రెమింగ్టన్ కంపెనీ అమ్మకానికి పెట్టిన టైపు మిషను వరుసే నూట యాభై ఏళ్లుగా చేతులు మారుతూ ఫోను దాకా వచ్చింది. ఒకప్పుడు నెలల తరబడి టైపు ఇన్‌స్టిట్యూటుకు వెళ్లి లోయరు, హయ్యరు పరీక్షలు ప్యాసైతే గాని పట్టుబడని వరుస అది. ఇప్పుడు ఎవరూ నేర్పకుండానే రైతు చేతిలో పెట్టారు.

భారతీయ భాషల కోసం అచ్చులకు ఎడమవైపు, హల్లులకు కుడివైపు చోటిస్తూ ఇన్‌స్క్రిప్ట్ అనే వరుసను కేంద్ర ప్రభుత్వం 1986లో నిర్ణయించింది. అది కంప్యూటర్లకు వచ్చింది గాని ఫోను మీటల మీద అచ్చుకాలేదు. దేశంలో అమ్మే ఫోన్లు 22 భారతీయ భాషలను చూపగలగాలని, ఇంగ్లీషు, హిందీతో పాటు మరో భారతీయ భాషలో రాసే వీలుండాలని 2016లో నిబంధన తెచ్చారు. దానివల్ల తెర మీద పెట్టెల బదులు తెలుగు కనబడుతోంది. మీట మీద మాత్రం ఇంగ్లీషే ఉంది.

మెసేజులోనూ తెలుగుకు చోటు తక్కువే. ఇంగ్లీషులో ఒక మెసేజుకు 160 అక్షరాలు పడితే తెలుగులో 70 ముక్కలే పడతాయి. 'నర్సీపట్నం' అన్న ఒక్క మాటకే అందులో పది పోతాయి.

బటన్ల ఫోన్లనే అనుకోనక్కరలేదు. 2018 ఫిబ్రవరిలో తెలుగు 'జ్ఞా' అక్షరం ఒక తీరులో మెసేజుగా వస్తే ఖరీదైన ఐఫోన్లు కూడా బిగుసుకుపోయాయి. లోకమంతా ఆ వార్త చదివింది. ఆపిల్ సంస్థ కొద్ది రోజుల్లోనే సరిచేసింది. ధనవంతుల ఫోను ఆగితే రోజుల్లో మందు దొరికింది. బటన్ల ఫోనుకు ఆ భాగ్యం లేదు.

వాట్సాప్ పోయింది, సేవలు వచ్చాయి

అసలు దెబ్బ ఇటీవల తగిలింది. ఈ బటన్ల స్మార్ట్ ఫోన్లలో 2024 జూన్ నుంచి కొత్తగా వాట్సాప్ ఎక్కించుకునే వీలు లేకుండా పోయింది. అప్పటికే ఉన్నవారికి కూడా 2025 మొదటి వరకేనని ఆ సంస్థ ప్రకటించింది. సరిగ్గా ఆ రోజుల్లోనే, 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం 'మన మిత్ర' పేరిట వాట్సాప్ ద్వారా 161 సేవలు ప్రారంభించింది. ఆఫీసుల చుట్టూ తిరిగే పని తప్పించే మంచి ఏర్పాటే అది. కాని ఏ చేతికి తిరగలేని ఇబ్బంది ఎక్కువో, ఆ చేతిలోని ఫోనులోంచే వాట్సాప్ జారిపోయింది. అన్నం వడ్డించే వేళకు విస్తరి లాగేసినట్లయింది.

మీటల ఫోనుకు ఈ గతి పట్టడం ఇదే మొదలు కాదు. ఒకప్పుడు పెద్ద పెద్ద ఆఫీసర్ల చేతుల్లో మెరిసిన కెనడావారి బ్లాక్‌బెర్రీ పాత ఫోన్లకు కూడా 2022 జనవరి 4తో కంపెనీ సేవలు ఆగిపోయాయి. ఆఫీసర్లు మర్నాడే ఇంకో ఫోను కొనుక్కోగలరు. కూలి చేసి కొనుక్కున్నవారి సంగతి అలా కాదు.

అరువు వేళ్లు

చేతగాక వేరొకరిని ఆశ్రయించడంలోనే అసలు ముప్పు ఉంది. 'ఒరే నాయినా, ఇదేటయిందో ఓసారి సూడరా' అని ఫోను చేతికిస్తే పక్కింటి కుర్రాడు క్షణంలో చేసిపెడతాడు. రోజూ అడగాలంటే మొహమాటం. కుర్రాడు కాలేజీకి వెళితే అంగడి వీధిలో ముక్కూమొహం తెలియనివారికి ఫోను ఇవ్వవలసి వస్తోంది. దానితోపాటే ఓటీపీ, పిన్ను, బ్యాంకులో ఉన్న పైకం లెక్క కూడా వారి ముందుకు వెళుతున్నాయి. హైదరాబాదులో ఉన్న కూతురికి తల్లి చెప్పుకోవలసిన మాట దుకాణం కుర్రాడి చేత రాయించవలసి వస్తే సగం మాట గొంతులోనే ఆగిపోతుంది. ఉత్తరాల కాలంలో పోస్టుమాను చేత రాయించుకున్నారు కదా అని అనవచ్చు. పోస్టుమానుకు గుట్టు చెబితే గుట్టే పోయేది. ఇప్పుడు గుట్టుతో పాటు డబ్బూ పోతోంది.

ఇవి చేసుకోవచ్చు

చాలా బటన్ల ఫోన్లలో '#' గుర్తున్న మీట నొక్కితే అక్షరాలూ అంకెలూ మారుతాయి. అంకె కావాలంటే ఆ మీటను కాసేపు నొక్కి పట్టుకున్నా వస్తుంది. మాటను ఊహించి రాసే ఏర్పాటును సెట్టింగుల్లో ఆపేస్తే అడ్డదిడ్డపు మాటలు పడవు. ఇంటివారి నంబర్లు ఒక్కో అంకెకు కేటాయించుకుంటే నొక్కిపట్టగానే కాల్ వెళుతుంది. జేబులో పెట్టేముందు తాళం వేయడం మరువరాదు. ఓటీపీ, పిన్ను ఫోనులో అడిగినవారు ఎవరైనా సరే చెప్పకూడదు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఆలస్యమయ్యేకొద్దీ పైకం చేతులు మారిపోతుంది.

టచ్ ఫోన్లలో 2017 నుంచి తెలుగులో మాట్లాడితే అక్షరాలుగా పడే సదుపాయం ఉంది. రాయడం రానివారికి ఇది వరమే. ఇంట్లో అలాంటి ఫోను ఉంటే పిల్లలు పెద్దలకు ఆ మైకు గుర్తు ఒక్కటి చూపించినా చాలా మేలు.

వారానికి ఒక్క పూటయినా

సచివాలయంలో వారానికి ఒక పూట ఒక మనిషిని కూర్చోబెట్టి, పెద్దల ఫోను పనులు వారి ఎదుటే, వారి చేతే చేయించాలని పలువురు కోరుతున్నారు. వాట్సాప్ ద్వారా ఇచ్చే సేవలను మామూలు మెసేజు ద్వారా గాని, ఫోను చేసి తెలుగులో అడిగి గాని పొందే మార్గం ఉండాలంటున్నారు. ఓటీపీ గడువు పెద్దలకు మరికాస్త పెంచాలని, కాగితం మీద అర్జీ ఇస్తే కాదనకూడదని కూడా వారి విన్నపం. ఇందులో ఏదీ కోట్లు ఖర్చయ్యేది కాదు.

బడిలో దిద్దిన చేతికి అక్షరం కొత్త కాదు. ఉత్తరం రాయగలడు, పద్దు రాయగలడు, సంతకం పెట్టగలడు. అలాంటి మనిషిని ఒక చిన్న మీట వేలిముద్రగాడిగా నిలబెడుతోంది. అధికారులు ఇప్పటికైనా దీనిని గమనిస్తారని బలిఘట్టం పెద్దలు ఎదురుచూస్తున్నారు.